మహారాజశ్రీ క్యాటలాగు గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ గ్రంథాలయ క్యాటలాగు గారికి, తెలుగు పుస్తకాల మధ్య బతుకుతున్న ఒక లైబ్రేరియన్ నమస్కరించి రాసుకునే విన్నపాలు.

ఉభయకుశలోపరి. ఇక్కడ పుస్తకాలు, చెదలు, నేను క్షేమం. తమరు మళ్లీ కొత్త ప్రమాణం, అదే బిబ్‌ఫ్రేమ్ అట, తొడుక్కుని వేంచేయబోతున్నారని విన్నాం. సంతోషం. వచ్చేలోపు మన మధ్య కొన్ని పాత లెక్కలున్నాయి, అవి తేలితే బాగుంటుంది.

తమరి పని ఏమిటో మా బోటివాళ్లకు లైబ్రరీ సైన్సు మొదటి పాఠంలోనే చెబుతారు. 1876లో చార్లెస్ కటర్ అనే అమెరికా పెద్దమనిషి తేల్చేశాడు. పాఠకుడికి రచయిత పేరు మాత్రమే తెలిసినా, పుస్తకం పేరు మాత్రమే తెలిసినా, విషయం ఒక్కటే తెలిసినా ఆ పుస్తకం దొరకాలి. ఫలానా రచయితవి, ఫలానా విషయం మీదవి లైబ్రరీలో ఏమేం ఉన్నాయో కనబడాలి. క్యాటలాగు రాసేవాడి సుఖం కన్నా జనం సౌకర్యమే ముఖ్యమని కూడా ఆయనే అన్నాడు. ఎవరు కాదంటారు? కాకపోతే ఆ జనంలో ఇంటిపేరు ముందు పెట్టుకునే జనాన్ని కూడా లెక్కేశారా అన్నదే నా సందేహం.

ఎందుకంటే తమరి ప్రపంచంలో మనిషికి పేరు ముందు, ఇంటిపేరు వెనక. దాన్ని తిరగేసి మధ్యలో కామా పెడితే ఎంట్రీ తయారు. షేక్‌స్పియర్, విలియం. ముచ్చటగా ఉంది. ఇప్పుడు విశ్వనాథ సత్యనారాయణ గారిని చూడండి. తమరికి కావలసిన వరసలోనే, ఇంటిపేరు ముందు పెట్టుకునే దయచేశారాయన. తిప్పే పనే లేదు. కానీ ఫారం ముందు కూర్చున్న కుర్రాడు చివరి మాటే ఇంటిపేరనుకుని తిప్పేస్తాడు. దాంతో ఆయన ‘సత్యనారాయణ, విశ్వనాథ’ అయిపోతారు. ఆ గూట్లో అప్పటికే ఊరూరి సత్యనారాయణలు కొలువై ఉంటారు. వాళ్లలో జ్ఞానపీఠం ఎవరికొచ్చిందో పాఠకుడే వెతుక్కోవాలి. ఇక కొడవటిగంటి కుటుంబరావు గారు ‘రావు, కె. కుటుంబ’ అయ్యారంటే ఆయన కుటుంబం సంగతేమో గానీ, రావుల కుటుంబంలో ఆయన్ని పట్టుకోవడం మా వల్ల కాదు.

భారతీయుల పేర్లకు తమరి నియమావళిలో విడిగా నిబంధన ఉందని, అందులో తెలుగు ప్రస్తావన కూడా ఉందని నాకు తెలుసు. మన దేశంలో లైబ్రరీ సైన్సుకు పెద్దదిక్కు రంగనాథన్ గారు ఈ విషయం మీదే ఎంతో మొత్తుకున్నారనీ తెలుసు. ఆ నిబంధన లావుపాటి పుస్తకంలో హాయిగా పడుకుని ఉంది. కంప్యూటర్ తెర మీద మాత్రం రెండే గళ్లు, ‘లాస్ట్ నేమ్’, ‘ఫస్ట్ నేమ్’. నియమం చదివినవాడు గడి నింపడు, గడి నింపేవాడు నియమం చదవడు.

కలం పేర్ల జోలికి వెళ్తే ఇంకా బాగుంటుంది. శ్రీరంగం శ్రీనివాసరావు అని అడిగేవాడు లేడు, శ్రీశ్రీ అనే అడుగుతారు. ఆరుద్ర అసలు పేరు భాగవతుల సదాశివశంకర శాస్త్రి అని క్విజ్ పోటీలవాళ్లకు తప్ప గుర్తుండదు. ఇలాంటి చోట ఒక పేరు నుంచి ఇంకో పేరుకు ‘చూడుము’ అని దారి చూపిస్తారు, ఆ ఏర్పాటు బాగానే ఉంది. బీనాదేవి గారి దగ్గర మాత్రం నేను ఆగిపోతాను. ఆ ఒక్క ఆడపేరు వెనక బి. నరసింగరావు, త్రిపురసుందరమ్మ అనే ఇద్దరు దంపతులున్నారు. రచయిత పుట్టిన సంవత్సరం రాయమంటారు. ఆయనదా, ఆవిడదా? 2010లో వచ్చిన కొత్త క్యాటలాగు నియమావళి ఆర్డీఏ అయితే ఆడా మగా కూడా రాసుకోమంది.

ఒక పుస్తకానికి ఎంతమంది రచయితలుండాలో కూడా తమరు నిర్ణయించారు. ఆర్డీఏకి ముందున్న ఏఏసీఆర్2, అంటే 1978 నాటి ఆంగ్లో అమెరికన్ నియమాల రెండో కూర్పు, ముగ్గురి వరకు ఓర్చుకునేది. నలుగురైతే మొదటివాడి పేరు రాసి, ‘తదితరులు’ అని బ్రాకెట్ పెట్టి ముగించేది. మా కవిత్రయం ముగ్గురే కాబట్టి బతికిపోయారు. భాస్కర రామాయణం అలా కాదు. భాస్కరుడు, మల్లికార్జున భట్టు, కుమార రుద్రదేవుడు, అయ్యలార్యుడు కలిసి రాశారు. అందులో బాల, కిష్కింధ, సుందర కాండలు మూడూ మల్లికార్జున భట్టువే. సగం రామాయణం రాసినవాడు తదితరులు! పుస్తకం పేరులో ఎలాగూ భాస్కరుడే ఉన్నాడు, తమరి కార్డులోనూ భాస్కరుడే మిగిలాడు. ఆర్డీఏ ఈ ముగ్గురి నియమాన్ని ఎత్తేసినప్పుడు మిగతావాళ్ల సంగతేమో గానీ భట్టు గారి తరఫున నేను స్వీట్లు పంచాను.

టైటిల్ పేజీ చూసి ఉన్నది ఉన్నట్టు ఎక్కించమంటారు. మా టైటిల్ పేజీలు తమరెప్పుడైనా చూశారా? అట్ట మీద ఒక పేరు, లోపల ఇంకో పేరు. ప్రచురణకర్త స్థానంలో రచయిత సతీమణి. ప్రచురణ స్థలం ఉండదు, ‘ప్రతులకు’ అని రచయిత ఇంటి చిరునామా ఉంటుంది, ఆ ఇల్లు ఎప్పుడో అపార్ట్‌మెంట్ అయ్యింది. వెల అమూల్యం. సంవత్సరం నాలుగంకెల్లో కావాలి తమరికి. పుస్తకంలో ‘ఆనంద నామ సంవత్సరం, విజయదశమి’ అని ఉంటుంది. 1914లోనూ ఆనందే, 1974లోనూ ఆనందే. కాగితం వాసన చూసి, ముందుమాట రాసినవాళ్లు అప్పటికి బతికున్నారో లేదో కనుక్కుని, అరవై ఏళ్ల తేడాని మేమే సర్దుకోవాలి. పూర్వం ఊరు తెలియకపోతే, ప్రచురణకర్త తెలియకపోతే రెండు లాటిన్ పొడి అక్షరాలు పడేసేవాళ్లం. జనానికి అర్థం కావడం లేదని ఆర్డీఏ వాటిని తీసేసి ‘ప్రచురణ స్థలం గుర్తించలేదు’ అని పూర్తి వాక్యం రాయమంది. అంటే అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఇప్పుడు పాఠకుడికి అర్థమయ్యేలా తెలియదు.

అదే ఆర్డీఏ పుణ్యమా అని ప్రతి పుస్తకానికీ మూడు కొత్త వాంగ్మూలాలు ఇస్తున్నాం. ఒకటి, ఇందులో ఉన్నది అక్షరాలు. రెండు, చదవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. మూడు, ఇది కుట్టిన పుస్తకం. ఎదురుగా పెద్దబాలశిక్ష పెట్టుకుని, దీనికి యంత్రం అవసరం లేదని కంప్యూటర్‌కి హామీ పత్రం రాసివ్వడమే నా ఉద్యోగం. సీడీలకు, ఈ-బుక్కులకు ఈ గడులు నిజంగా అవసరమని ఒప్పుకుంటాను. మా దగ్గర ఉన్న ఒకే ఒక్క సీడీ ఏదో పుస్తకం వెనకట్టకు అతికించి ఉండేది. అదీ ఎవరో పీక్కుపోయారు.

1960లలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ గారు తమర్ని యంత్రంలోకి ఎక్కించి ‘మార్క్’ అని పేరు పెట్టారు. అప్పటినుంచి గడికో నంబరు, మాకు రచయిత అంటే 100, పుస్తకం పేరు అంటే 245, విషయం అంటే 650. ఆ 245లో ఒక చిన్న గడి ఉంది, దాని గురించి మాట్లాడాలి. ఇంగ్లిష్ పుస్తకం పేరు ‘ది’ అని మొదలైతే, అక్షరక్రమంలో ఆ ‘ది’ని లెక్కపెట్టకుండా దాటేయమని చెప్పే గడి అది. లేకపోతే సగం పుస్తకాలు ఒకే అక్షరం కింద పడతాయి కదా, ఎంత ముందుచూపు! తెలుగులో ‘ది’ లేదు. మాకున్నది ‘శ్రీ’. శ్రీమదాంధ్ర మహాభారతము, శ్రీమదాంధ్ర మహాభాగవతము, శ్రీమద్రామాయణము, ఆ పైన శ్రీశ్రీ గారు రెండుసార్లు. పాత తెలుగు పుస్తకాల్లో లక్ష్మీకటాక్షం లేనిదే పేరు మొదలవదు. పాఠకుడు భారతం అని ‘భ’లో చూస్తాడు, అది ‘శ’లో కూర్చుని ఉంటుంది. దాటేయడానికి గడి ఉంది, శ్రీని దాటేయమనే నియమం లేదు. ఒక నిబంధన సమావేశంలో తెలుగువాడు ఒక్కడు టీ తాగడానికి వచ్చినా ఈ సంగతి చెప్పి పోయేవాడు.

లిపి సంగతి ఇంతకంటే ముచ్చట. 1954లో అమెరికా పీఎల్-480 చట్టం చేసింది. దాని కింద మనకు గోధుమలు అమ్మి, రూపాయల్లో సొమ్ము తీసుకుంది. ఆ రూపాయలతో 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ ఆఫీసు భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా యూనివర్సిటీలకు పంపింది. అందులో తెలుగూ ఉంది. మనం గోధుమ రొట్టెలు తిన్నాం, వాళ్లు మన నవలలు చదివారు, బేరం నష్టమేం కాదు. అందుకే ఈ రోజుక్కూడా పాత తెలుగు పుస్తకానికి శుభ్రమైన రికార్డు కావాలంటే మా జిల్లాలో దొరక్కపోయినా వాషింగ్టన్‌లో దొరుకుతుంది. దించుకుని వాడుకుంటున్నాం, ఆ మేలు మరిచిపోను. అయితే ఆ రికార్డు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది. వాళ్ల పద్ధతిలో ‘చ’కు ‘సి’ రాయాలి. కాబట్టి చలం గారి పేరు చూసి మా ఇంగ్లిష్ మీడియం పిల్లలు ‘కాలం’ అని చదువుతారు. చాసో గారు ‘కాసో’ అవుతారు. సొంత లిపిలో రాసుకునే వసతిని మొదట జపనీస్, అరబిక్, చైనీస్, కొరియన్, పర్షియన్, హీబ్రూ, యిడ్డిష్ భాషలకు ఇచ్చారు. మేం వరసలో నిలబడ్డాం. తెలుగు యూనికోడ్‌లోకి చేరింది 1991లో. ఇప్పుడు ఎక్కించడానికి అడ్డేమీ లేదు, ఎక్కించే మనిషి పోస్టు ఖాళీగా ఉంది. అది తమరి తప్పు కాదు లెండి.

పుస్తకాలను విషయాలవారీగా సర్దడానికి వేసే నంబర్ల గురించి రాయకపోతే, ఆ పద్ధతి కనిపెట్టిన డ్యూయీ గారు నొచ్చుకుంటారు. ఆయనది కూడా 1876. ప్రపంచ జ్ఞానాన్ని పది భాగాలు చేసి, మతానికి 200 ఇచ్చాడు. 220 నుంచి 289 దాకా బైబిల్, క్రైస్తవం. భూమ్మీది మిగతా మతాలన్నీ 290లో సర్దుకోవాలి. అందులో హిందూమతం 294.5. వైష్ణవం 294.5512, శైవం 294.5513. ఎన్నో వందల ఏళ్లు కొట్టుకున్నవాళ్లను ఒక్క అంకె తేడాతో పక్కపక్కన కూర్చోబెట్టారు! తిక్కన గారు హరిహరనాథుణ్ని కొలిచి సాధించబోయింది డ్యూయీ గారు దశాంశ బిందువుతో సాధించాడు. తెలుగు సాహిత్యమైతే 894.827. అదే 894లో టర్కీ, హంగేరీ, ఫిన్లాండ్ సాహిత్యాలున్నాయి. సంస్కృతం, హిందీ 891లో, వేరే వీధిలో. అందువల్ల మా షెల్ఫులో వేమనకు ఫిన్లాండ్ కవులు దగ్గర చుట్టాలు. మాదింకా నయం. అమెరికాలోని హోవర్డ్ యూనివర్సిటీలో డొరతీ పోర్టర్ గారు లైబ్రరీ పనిలో చేరినప్పుడు నల్లజాతివాళ్ల పుస్తకాలన్నిటికీ లైబ్రరీలు రెండే నంబర్లు వాడుతుండేవి. 325 అంటే వలసలు, 326 అంటే బానిసత్వం. కవిత్వం రాసినా బానిసత్వంలోనే. ఆవిడ ఆ పద్ధతిని తీసి అవతల పారేసి కవిత్వాన్ని కవిత్వంలో పెట్టారు. అలాంటి మనిషి ఒకరు మా 894కీ తగలాలి.

తగిలారు కూడా, రంగనాథన్ గారి రూపంలో. లెక్కల మాస్టారు, 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయ్యి, 1933లో కోలన్ వర్గీకరణ తెచ్చారు. ఎంత సూక్ష్మమైన విషయమైనా అందులో పడుతుంది. ‘1950లో భారతదేశంలో ఊపిరితిత్తుల క్షయకు ఎక్స్‌రే చికిత్సపై జరిగిన పరిశోధన’ అంటే ఎల్,45;421:6;253:ఎఫ్.44'ఎన్5. నిజంగా గొప్ప బుర్ర. కానీ ఆ లేబుల్ అంటించాలంటే పుస్తకం దిండంత లావుండాలి, చదవాలంటే అటెండర్ పీజీ చేసి ఉండాలి. అందుకని ఏటా ఆగస్టు 12న, ఆయన జయంతి నాడు, ఫొటోకి దండ వేస్తాం. 13న పొద్దున్నే కూర్చుని డ్యూయీ నంబర్లు వేస్తాం.

తమరు మారరని మాత్రం అనను. ‘కుకరీ’ అనే విషయ శీర్షికను 2010లో ‘కుకింగ్’గా మార్చారు. 2021లో ‘ఏలియన్స్’ తీసేసి ‘నాన్ సిటిజెన్స్’ పెట్టారు. అంతవరకు అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా పిల్లలంతా తమరి లెక్కలో ఏలియన్సే. 2015 అక్టోబరులో, లైబ్రరీలకు క్యాటలాగు కార్డులు అచ్చేసి ఇచ్చే అమెరికా సంస్థ ఓసీఎల్‌సీ చివరి కార్డులు అచ్చేసి ఆ ముచ్చట ముగించింది. మా దగ్గర చెక్క బీరువా, దాని డ్రాయర్లు, కార్డుల చిల్లుల్లోంచి పోయే ఇనుప కడ్డీ ఇంకా ఉన్నాయి. స్టాక్ వెరిఫికేషన్‌లో అవి ఉన్నాయో లేదో చూస్తారు గానీ వాడుతున్నారా అని అడగరు.

ఇప్పుడు మార్క్‌ని కూడా పంపించేసి బిబ్‌ఫ్రేమ్ తెస్తున్నారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2012లోనే నమూనా చూపించింది. అందులో పేరు ఎలా రాశారన్నది అంత ముఖ్యం కాదట. ప్రతి రచయితకూ ఒక శాశ్వత గుర్తింపు లంకె ఉంటుంది, ఏ లిపిలో, ఏ వరసలో వెతికినా అక్కడికే చేరతారు. అంటే ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవకు తమరు కనిపెట్టిన పరిష్కారం, మనిషికి నంబరు ఇచ్చేయడం. ఆధార్ అలవాటైన జాతి మాది, అభ్యంతరం లేదు. కామా కన్నా నంబరే నయం. అయితే ఆ నంబరు ఇచ్చే ఆఫీసు ఎక్కడుందో, తెలుగు రచయితల దరఖాస్తులు ఎవరు తీసుకుంటారో, బీనాదేవి గారికి మొత్తం ఎన్ని నంబర్లు ఇస్తారో (ఆయనకొకటి, ఆవిడకొకటి, బీనాదేవికి విడిగా ఇంకొకటి అయితే మూడు ఫారాలు నింపాలి, మా దగ్గర ప్రింటర్‌లో ఇంకు లేదు) వీలైనంత త్వరగా తెలియజేయవలసిందిగా కోరుతూ,

ఇట్లు
తమ విధేయుడు,
ఒక తెలుగు లైబ్రేరియన్

తా.క.: జవాబు తెలుగు లిపిలో రాయండి. ఇంగ్లిష్ అక్షరాల్లో పంపితే మా అటెండర్ దాన్ని ఫిన్నిష్ అనుకుని అదే వరసలో సర్దేస్తాడు.