బతికొచ్చి వసూలు చేసింది

మా అమ్మమ్మకి టైఫాయిడ్ వస్తే "ఇక నేనుండనర్రా" అని ప్రకటించేసింది. పాస్టరు గారు ప్రార్థన ముగించి గుమ్మం దాటారో లేదో పంపకాలు మొదలు. మెళ్ళో గొలుసు తీసి అత్తయ్య చేతిలో, తాతయ్య హెచ్‌ఎంటీ వాచీ చిన్న మావయ్య చేతిలో, ట్రంకుపెట్టె తాళం మా అమ్మ చేతిలో పెట్టి, "నేను పోతే ఇవి మీవి" అంది. మిగిలిన చీరలు, వెండి గిన్నెలు మూటలు కట్టించి, మనవరాళ్ళ పేర్లు రాయించి మంచం కిందకి తోయించింది.

తీరా చూస్తే జ్వరం దిగింది. గోంగూర పచ్చడితో అన్నం తిని, చెయ్యి కడుక్కుని గొలుసేదని అడిగింది.

"ఇచ్చింది ఇచ్చినట్టే కదా అత్తయ్యా" అంది మా అత్తయ్య. అప్పటికే పాత డిజైనని కరిగించి గాజులు చేయించేసుకుంది మరి.

గుంటూరు కోర్టులో ప్రాక్టీసు చేసే మా అన్నయ్య కళ్ళజోడు సర్దుకుని, 1925 నాటి భారత వారసత్వ చట్టం 191వ సెక్షన్ తీశాడు. మనం క్రైస్తవులం కాబట్టి నేరుగా వర్తిస్తుందట. జబ్బుపడి, దాంతోనే పోతాననుకుని వస్తువు చేతికిస్తే, నిజంగా పోతేనే అది వాళ్ళది, కోలుకుంటే చెల్లదు, మనసు మారినా వెనక్కి తీసుకోవచ్చు. అమ్మమ్మ దిండుకి ఆనుకుని నిటారుగా కూర్చుంది.

"మరి పొలం కూడా నాకే అన్నారుగా?" అని అత్తయ్య.

"పొలానికి ఇది కుదరదు, చరాస్తికే."

మూటల సంగతి ఇంకా ఘోరం. పేర్లు రాసి పొట్లాలు కట్టి, చేతికివ్వకుండానే మనిషి పోతే ఎవరికీ హక్కు రాదని చట్టంలోనే ఉదాహరణ ఉంది! అంటే అమ్మమ్మ పోయినా మా చెల్లెళ్ళకి ఆ మూటలు దక్కేవి కావు. పెట్టె తాళం ఇస్తే మాత్రం లోపలి సరుకూ ఇచ్చినట్టేనట. మా అమ్మ నవ్వుతూ తాళం తిరిగిచ్చేసింది. జ్వరంలోనే తెరిచి చూసుకుందిలెండి, పాత రసీదులూ కలరా ఉండలూను.

పుచ్చుకున్నవాళ్ళు ముందుపోయినా చెల్లదని అన్నయ్య చదవగానే, వాచీ వదలని మావయ్యని చూసి "ఒరేయ్, హెల్మెట్ పెట్టుకుని తిరుగు" అంది అమ్మమ్మ.

చివరికి గాజులు వచ్చాయి, వెనకే తరుగు, మజూరీ బిల్లు వచ్చింది. అదెవరు కట్టాలో సెక్షన్లో లేదన్నాడు అన్నయ్య.

"రాసినాయనకి కోడళ్ళు లేరేమోరా" అంది అమ్మమ్మ, గాజులు తొడుక్కుంటూ.