బ్రౌన్ దొర చేసిందీ నకళ్ల పనే

కడప ఏడురోడ్ల కూడలి దగ్గర ఒక జిరాక్సు కొట్టులో మొన్న ఒక పరిశోధక విద్యార్థిని ఫోనులోని పీడీఎఫ్‌ను అచ్చు తీయించుకుంటోంది. పాత తెలుగు విమర్శ గ్రంథం. రచయిత 1990లో కన్నుమూశారు. ప్రచురణ సంస్థ మూతపడింది, రెండో ముద్రణ రాలేదు, ఇప్పుడు ఏ అంగట్లోనూ దొరకదు. సొంత పరిశోధనకు వాడుకుంటే కాపీరైటు చట్టం 52వ సెక్షన్ ఊరుకుంటుంది. అదే ఫైలును తోటివాళ్ల వాట్సాప్ బృందంలో పెడితే మాత్రం 63వ సెక్షన్ గుమ్మంలో నిలబడుతుంది. దాని కింద మూడేళ్ల దాకా జైలు.

అమ్మకంలోనే లేని పుస్తకాన్ని పంచుకుంటే ఎవరి జేబుకు చిల్లు? రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి కాబట్టి ఈ పుస్తకం 2050 చివరి వరకు బందీయే. చెదపురుగులకు ఆ గడువు వర్తించదు మరి. హక్కుదారుల ఆచూకీ తెలియకపోతే లైసెన్సు అడిగే దారి 31ఎ సెక్షన్‌లో ఉంది. అయితే ముందు పత్రికలో ప్రకటన వేయించాలి, ఆ తర్వాత దరఖాస్తు పెట్టాలి. నూట ఇరవై పుటల పుస్తకం కోసం ఎవరు తిరుగుతారు?

రచయితల పొట్ట కొట్టమంటున్నారా అని అడిగేవారుంటారు. నిన్న విడుదలైన సినిమానో, బతికున్న రచయిత కొత్త నవలనో ఊరంతా పంచేవారిని నేను వెనకేసుకు రావడం లేదు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి పైరసీ జరిమానాను కనీసం 3 లక్షలు చేశారు, మంచిదే. సినిమాకు అంత కాపలా పెట్టిన ప్రభుత్వానికి పాత పుస్తకం ఎందుకు కనబడదన్నదే నా గొడవ.

ఈ ఊళ్లో ఆ ప్రశ్న మరీ గుచ్చుతుంది. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను పెట్టి తాళపత్రాలకు నకళ్లు రాయించాడు. అటకల మీద పడి ఉన్న ప్రతులను వెతికించి, పాఠాలు సరిపోల్చి, 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. నకలు తీయడమే నేరమైతే వేమన మనకు ఇంత నిండుగా దక్కేవాడా?

ఇప్పుడు ఆ పని మన గ్రంథాలయాలది. ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతూనే ఉన్నాం. వసూలు చేసిన స్థానిక సంస్థలు దాన్ని గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయి పెట్టడం పాత కథే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా 2017లో కాపీరైటు భయంతో మూతపడినప్పుడు అందులోని తెలుగు పుస్తకాలను కాపాడింది కూడా ముందే నకళ్లు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దాచినవాళ్లే.

అన్నట్టు, ఆ విద్యార్థిని పీడీఎఫ్ మొదటి పుటలో మన జిల్లాలోని ఒక శాఖా గ్రంథాలయం ముద్ర ఉంది. వెళ్లి అడిగాను. పట్టికలో పేరుంది, అరలో పుస్తకం లేదు.