పదమూడు నంబరు తీగ, పన్నెండు బార్ల తగువు

బ్లూస్ రాక్ అంటే అమెరికా నల్లవాళ్ళ బ్లూస్ పాటని ఎలక్ట్రిక్ గిటారు మీద గట్టిగా మోగించే సంగీతం. దాని కచేరీకి కావలసినవి మూడు: ఒక గిటారు, ఒక యాంప్లిఫయరు, ఆ రెంటి గురించి తగువాడుకోవడానికి కనీసం ఇద్దరు అభిమానులు. మొదటి రెండూ లేకపోయినా కార్యక్రమం ఆగదు. పేరున్న గిటారు వాద్యకారుల్లో డ్వేన్ ఆల్‌మన్ 1971లో పోయాడు, స్టీవీ రే వాన్ 1990లో పోయాడు, జెఫ్ బెక్ 2023 జనవరిలో వెళ్ళిపోయాడు. వాళ్ళ మీద తగువు మాత్రం నిన్న రాత్రి రెండింటి దాకా సాగింది. అంటే ఇందులో ప్రధాన కళ ఏదో, పక్కవాద్యం ఏదో తేలిపోయినట్టే. వాదనే కచేరీ, గిటారు దానికి పక్కవాద్యం.

ఈ సంగతి ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల వాదనల నాణ్యత ఘోరంగా పడిపోయింది. గురిచూసి కొట్టాల్సిన వాళ్ళు రెండో వాక్యానికే ‘నీకు చెవుల్లేవు పో’ అనేస్తున్నారు. అది బ్రహ్మాస్త్రం. చివరికి దాచుకోవాలి. అంతకు ముందు వాడవలసిన ఆయుధాలు బోలెడున్నాయి, వాటిని పద్ధతిగా నేర్చుకోవాలి.

మొదట తాళం కేసు. యాభై ఏళ్ళు దాటినా ఇంకా వాయిదాల మీదే నడుస్తోంది. 1968 మార్చి 10, శాన్‌ఫ్రాన్సిస్కోలో వింటర్‌ల్యాండ్ అనే హాలు. వేదిక మీద క్రీమ్ బ్యాండ్ ముగ్గురు: గిటారు ఎరిక్ క్లాప్టన్, బేస్ జాక్ బ్రూస్, డ్రమ్స్ జింజర్ బేకర్. రాబర్ట్ జాన్సన్ 1936లో ఒంటరిగా పాడి రికార్డు చేసిన ‘క్రాస్‌రోడ్’ పాటతో ఈ ముగ్గురూ నాలుగు నిమిషాల పాటు చెడుగుడు ఆడేశారు. సోలో నడుమ ఒకచోట దెబ్బ తిరగబడింది. రెండు, నాలుగు మీద పడవలసిన ఒత్తు ఒకటి, మూడు మీద పడింది. ఈ మాట అన్నది గిట్టని విమర్శకుడు కాదు, సాక్షాత్తూ క్లాప్టనే.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ముద్దాయే ఒప్పుకున్నాడు కదా, ఇంక కేసేముంది అనుకుంటారు. చాలా ఉంది. ఆ రాత్రి ఆయన వాయించే పనిలో ఉన్నాడు, వినే పనిలో లేడు. వినడం మన శాఖ. కాబట్టి ఆయన సాక్ష్యం చెల్లదు. ఆ టేపుని కోసి కుదించారా, యథాతథంగా ఉంచారా అన్నది దీనికి అనుబంధ కేసు. దాన్ని విడిగా విచారించాలి.

మన సభల్లో అయితే ముందు వరస పెద్దాయన తొడ మీద తాళం వేస్తూ, ఎత్తుగడ తప్పిన క్షణాన చెయ్యి ఆపి, మృదంగం వైపు ఒక్క చూపు చూస్తాడు. తీర్పు అక్కడికక్కడే వెలువడుతుంది. వింటర్‌ల్యాండ్‌లో ఆ సౌకర్యం లేకపోయింది. లెక్క మాత్రం చిన్నపిల్లలదే. బ్లూస్‌లో ఒక చుట్టు, అంటే ఒక ఆవర్తనం, పన్నెండు బార్లు. బారుకి నాలుగు దెబ్బలు, పన్నెండు బార్లకి 48. 49వ దెబ్బకి కొత్త చుట్టు ఎత్తుకోవాలి. స్నేర్ డ్రమ్ము మోగినవి రెండూ నాలుగూ అనుకుని బల్ల మీద వేలితో కొడుతూ పోవాలి. 49 దగ్గర బేసు ఇంకెక్కడో ఉంటే తప్పు ముగ్గురిలో ఒకరిదైనా కావాలి, మీ వేలిదైనా కావాలి. తన వేలిని అనుమానించిన అభిమాని ఇంతవరకూ ఎక్కడా నమోదు కాలేదు.

రెండోది అయస్కాంతం కేసు. ఇందులో ఆస్తి నష్టం కూడా ఉంటుంది కాబట్టి కాస్త నిదానంగా చూడాలి. బ్లూస్ గిటారిస్టు పీటర్ గ్రీన్ వాయించిన 1959 నాటి లెస్ పాల్ మోడల్ గిటారు ఆయన నుంచి మరో గిటారిస్టు గ్యారీ మూర్‌కి, తర్వాత మరికొన్ని చేతులు మారి మెటాలికా బ్యాండ్ వాళ్ళ కర్క్ హామెట్‌కి చేరింది. ఆ గిటారుకి ‘గ్రీనీ’ అని ముద్దుపేరు. తీగల కదలికని విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంతపు పరికరం పికప్. దీనికి అవి రెండు, మెడ వైపుది నెక్ పికప్. దాని లోపలి అయస్కాంతం పట్టీ తిరగబడి ఉంటుంది. పికప్ స్విచ్ నడిమధ్యలో పెట్టినప్పుడు రెండు పికప్‌ల సంకేతాలూ ఒకదాన్నొకటి కోసుకుంటాయి. కింది గంభీరమంతా ఎగిరిపోయి, ముక్కుతో మూలిగినట్టుండే పలచని స్వరం మిగులుతుంది. స్విచ్ మధ్యలో ఉంటేనే సుమా. ఒకే పికప్ మీద వాయిస్తే అయస్కాంతం బోర్లా పడుకున్నా వెల్లకిలా పడుకున్నా చెవికి ఒకటే. అభిమాని మాత్రం గ్రీన్ ఒంటి పికప్ మీద వాయించిన చోట కూడా ‘అదుగో అయస్కాంతం!’ అని లేచి నిలబడతాడు.

వాదనలో ఓడిపోయిన రాత్రి ఆ మనిషి తన గిటారు అయస్కాంతాన్నీ తిప్పేయడానికి స్క్రూడ్రైవర్ తీస్తాడు. పద్ధతి ఇదీ. తీగలు వదులు చేయాలి. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ రింగు స్క్రూలు విప్పి పికప్‌ని పైకి తీసి బోర్లించాలి. మూత ఉంటే దాని టంకం కరిగించాలి. వెనక నాలుగు ఇత్తడి స్క్రూలు ఉంటాయి, వాటిని ఊడదీయకుండా వదులు చేసి, పట్టీని పక్కకి జరిపి లాగి, పొడుగు వాటంగా ఒక్క దొర్లు దొర్లించి మళ్ళీ దోపాలి. ఒక్క దొర్లు అని ఎందుకన్నామంటే, జాగ్రత్త పరులు దొర్లించాక మళ్ళీ కొసలు కూడా తారుమారు చేస్తారు. అప్పుడు రెండు తప్పులూ కలిసి అయస్కాంతం మొదటికే వస్తుంది. ‘ఆ, ఇప్పుడొచ్చింది గ్రీన్ టోను’ అని వీళ్ళే అందరికన్నా గట్టిగా చెబుతారు. తక్కిన వాళ్ళ సంగతి ఇంతకన్నా విషాదం. పికప్ చుట్టిన రాగి తీగ సుమారు 0.06 మిల్లీమీటర్లు, వెంట్రుకలాంటిది. స్క్రూడ్రైవర్ మొన ఒక్కసారి జారిందా, అక్కడితో పికప్ మూగబోతుంది. మళ్ళీ చుట్టించుకోవాలి.

పీటర్ గ్రీన్ స్వరాల మధ్య వదిలే ఖాళీ గురించి కూడా కొందరు చెప్పబోతారు. దానికి స్క్రూలు లేవు కాబట్టి అది చర్చనీయాంశం కాదు.

ఇక తీగల లావు. స్టీవీ రే వాన్ మొదటి తీగ 13 నంబరు, అంటే అంగుళంలో వెయ్యింట 13 వంతులు. లావు తీగ, లావు స్వరం, కాబట్టి గొప్ప వాద్యకారుడు: మూడు మెట్ల తర్కం, ఎక్కడా తొట్రుపాటు లేదు. ఆయన గిటారుని ఒక సెమిటోన్ (పక్క పక్క ఫ్రెట్ల మధ్య తేడా, అర్ధస్వరం) దించి ఇ-ఫ్లాట్‌లో శ్రుతి చేసుకునేవాడని మాత్రం ఈ తర్కం చదివినవాళ్ళు మర్చిపోతారు. సెమిటోన్ దించితే తీగ బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది. అది మర్చిపోయి 13 నంబరు సెట్టుని పూర్తి శ్రుతిలో ఎక్కిస్తే ఏమవుతుందో వరసగా చూడొచ్చు. మొదట గిటారు మెడ ముందుకి వంగుతుంది. స్ట్రాటోకాస్టర్ మోడల్ అయితే వెనక స్ప్రింగులు చాలక బ్రిడ్జి (తీగలు కట్టే కింది పీట) లేచి నిలబడుతుంది. మూడు స్ప్రింగులున్న చోట అయిదు వెయ్యాలి. పైన మెడ చివర తీగలు ఆనే నట్టులో గాడి 9, 10 నంబరు తీగలకి కోసినది కాబట్టి లావు తీగని కొరికి పట్టుకుంటుంది. తీగని పక్కకి లాగి (బెండ్ చేసి) వదిలితే తీగ వెనక్కి రాకుండా అక్కడే ఇరుక్కుని అపశ్రుతి పలుకుతుంది. గాడిని సన్నటి ఆకురాయితో వెడల్పు చేయాలి, లోతు చేయకూడదు. లోతైతే తీగ మొదటి ఫ్రెట్ మీద గొణుగుతుంది. ఇవన్నీ అయ్యాక వేళ్ళు చిట్లుతాయి. వాన్‌కీ చిట్లేవి, ఆయన సూపర్ గ్లూ పూసుకుని వాయించేవాడు. మన అభిమాని గ్లూ వరకూ సరిగ్గా అనుకరిస్తాడు.

ఇంత శ్రమ పడ్డాక ఎవరో అల్లరివాడు జీజీ టాప్ బ్యాండ్ గిటారిస్టు బిల్లీ గిబ్బన్స్ పేరెత్తుతాడు. ఆ గడ్డపాయనది 7 నంబరు తీగ, ఇంచుమించు దారప్పోగు. అయినా స్వరం చూస్తే ఎద్దు రంకె. కుర్రతనంలో తాను లావు తీగలు వాడుతుంటే, బ్లూస్ పెద్దాయన బి.బి. కింగ్ ఆ గిటారు తీసుకుని చూసి, ఎందుకయ్యా ఇంత కష్టపడతావు అన్నాడని గిబ్బన్సే చెప్పుకుంటాడు. ఈ ఉదంతం వినబడగానే లావు తీగల అభిమానులు వెంటనే ‘గిబ్బన్స్‌ది వేరే విషయం’ అనాలి. ఎందుకు వేరో అడగడం సంస్కారం కాదు.

వాన్ సంగతి వచ్చింది కాబట్టి 1982 జూలై 17 గురించి ఒక్క మాట. స్విట్జర్లాండ్ మోంట్రోలో ఆయన వాయిస్తుంటే జనంలోంచి హేళనగా బూ మని కేకలు వేశారు. రికార్డులో స్పష్టంగా వినిపిస్తాయి. అదే ఊళ్ళో 1985లో చప్పట్లతో ఎత్తుకున్నారు. చిత్రమేమిటంటే, ఈ రోజు ప్రపంచంలో ఎక్కడ వెతికినా, నేనైతే ఆ రోజు బూ అని ఉండేవాణ్ణి అనే మనిషి ఒక్కడూ దొరకడు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళే. మరి ఆ కేకలు వేసినవాళ్ళు ఎటు పోయారు? బహుశా ఇప్పుడు ఈ తరం బ్లూస్ గిటారిస్టు జో బొనామసాని తిట్టే పనిలో ఉన్నారు.

సాక్ష్యాధారాల చట్టం కూడా కాస్త తెలిసి ఉండాలి. పాత కచేరీల మీద తగువులకి ఆధారం ఎవరో జేబులో క్యాసెట్ రికార్డరు దాచుకెళ్ళి పట్టిన బూట్‌లెగ్ టేపులు. ఆ రికార్డరులో బ్యాటరీలు అరిగేకొద్దీ టేపు నెమ్మదిగా తిరుగుతుంది. నెమ్మదిగా పట్టిన టేపుని ఇంట్లో మామూలు వేగంతో వేస్తే అది పరుగెడుతుంది, శ్రుతి పైకెక్కుతుంది. ఆరు శాతం తేడా వస్తే చాలు, దాదాపు ఒక సెమిటోన్. అందుకని అలాంటి టేపులు చివరికొచ్చేసరికి వేగమూ శ్రుతీ రెండూ పెరుగుతూ పోతాయి. అభిమాని కళ్ళు మూసుకుని ‘ఆ రాత్రి ఆయనకి పూనకం వచ్చింది’ అంటాడు. వచ్చింది నిజమే, నాలుగు పెన్సిల్ సెల్లులకి.

ఇప్పటి సాక్ష్యం ఫోను వీడియో. ఫోను మైకు పెద్ద శబ్దాన్ని తనంతట తనే నొక్కేసి, చిన్న శబ్దాన్ని పైకి లేపుతుంది. జెఫ్ బెక్ పిక్ (తీగలు మీటే బిళ్ళ) పారేసి వేళ్ళతో వాయిస్తూ, చిటికెన వేలిని వాల్యూమ్ గుబ్బ మీద ఉంచి, స్వరాన్ని శూన్యంలోంచి తీసుకొచ్చేవాడు. ఫోను ఆ శూన్యాన్నీ శిఖరాన్నీ ఒకే ఎత్తుకి చదును చేసి పెడుతుంది. అది విని ‘బెక్‌లో ఎత్తుపల్లాలు తక్కువ’ అని రాసినవాళ్ళున్నారు. రోడ్డు రోలరుతో తొక్కించిన అప్పడం చూసి పూరీ పొంగలేదన్నట్టు.

అన్నిటికన్నా గట్టి ఆయుధం ‘ఫీల్’. దీనికి కొలత లేదు, అందుకే ఎవరూ ఓడించలేరు. దీని శాసనాలు కొన్ని ఇప్పటికే స్థిరపడ్డాయి. 1970 తర్వాత పుట్టినవాళ్ళకి ఫీల్ రాదు. బొనామసా 1977లో పుట్టాడు, పన్నెండేళ్ళకే బి.బి. కింగ్‌ కచేరీల ముందు వాయించాడు, అయినా ఈ సభలో ఆయన ఇంకా కుర్రాడే. సూటు వేసుకున్నవాళ్ళకీ ఫీల్ రాదు. బి.బి. కింగ్ జీవితమంతా సూటులోనే వాయించాడని ఎవరైనా అంటే, ఆయన సూటు వేరు. మొహం వంకర్లు తిప్పనివాళ్ళకి అసలే రాదు. గిటారిస్టు డెరెక్ ట్రక్స్ ఓపెన్ ఇ శ్రుతిలో (వేలు పెట్టకుండా మీటినా ఇ మేజర్ పలికేలా), పిక్ లేకుండా, ఉంగరం వేలికి గాజు గొట్టం తొడుక్కుని, కనురెప్ప కదలకుండా నిలబడతాడు. తన వాద్యం మీద ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ సరోద్ ప్రభావం ఉందని ఆయనే చెప్పాడు. స్వరం నుంచి స్వరానికి ఆ గాజు జారే తీరు వింటే, జారు గమకం తెలిసినవాళ్ళకి పరాయిది అనిపించదు. కానీ మొహం ప్రశాంతంగా ఉంది కాబట్టి ఫిర్యాదు నమోదైంది.

నెమ్మది విషయంలో మాత్రం మన ధర్మాసనం కాస్త ఇబ్బందుల్లో ఉంది. బి.బి. కింగ్ ఒక్క స్వరం పట్టుకుని ఊపితే లోతు. ముసలి క్లాప్టన్ అదే చేస్తే బద్ధకం. కుర్ర క్లాప్టన్ వేగంగా వాయిస్తే మేధస్సు, బొనామసా వాయిస్తే ఎక్సర్‌సైజు. క్లాప్టన్‌కి ‘స్లోహ్యాండ్’ (నెమ్మది చెయ్యి) అన్న పేరే ఉంది కదా అని కొందరు వాదిస్తారు. ఆ పేరు చేతి వేగం వల్ల వచ్చింది కాదు. యార్డ్‌బర్డ్స్ బ్యాండ్‌లో ఉన్న రోజుల్లో తీగ తెగితే క్లాప్టన్ వేదిక మీదే మార్చుకునేవాడు, జనం ఆ కాసేపూ నింపాదిగా చప్పట్లు (ఇంగ్లీషులో ‘స్లో హ్యాండ్‌క్లాప్’) కొట్టేవారు. మేనేజరు జార్జో గొమెల్‌స్కీ ఆ చప్పట్ల మీద చమత్కారంగా తగిలించిన పేరది. 1945లో పుట్టిన మనిషి ఎనభైల్లో పడ్డాక, నరాల జబ్బుతో చేతులు ఇబ్బంది పెడుతున్నాయని తనే చెప్పాక, 1968 నాటి వేగం కావాలని అడగడం మన ప్రాథమిక హక్కు. టికెట్టు కొన్నాం.

ఇక మిగిలింది బ్లూస్ గిటారు పెద్దాయన బడ్డీ గై. 1936 పుట్టుక, చుక్కల చొక్కా. తన ముందుతరం గిటారిస్టు గిటార్ స్లిమ్‌ని చూసి నేర్చిన విద్య ఒకటుంది ఆయన దగ్గర: వందడుగుల పైబడిన కేబులు తగిలించుకుని వాయిస్తూనే వేదిక దిగి జనంలోకి నడిచిపోవడం. ఇందులో లోపం ఉంది. కేబులు పొడుగైనకొద్దీ కెపాసిటెన్స్ (విద్యుత్తుని పట్టి ఉంచే గుణం) పెరిగి గిటారు పై స్వరాల పదును చచ్చిపోతుంది. వైర్‌లెస్ పెట్టెలొచ్చాక ఆ పదును తిరిగొచ్చింది. రాగానే అభిమానులు, పాత మొద్దు స్వరమే బాగుండేదని గోలపెట్టారు. అందుకని కొన్ని కంపెనీలు పొడుగు కేబులు నష్టాన్ని తిరిగి కలిపే స్విచ్చు కూడా ఆ పెట్టెలకి పెట్టాయి. నష్టం మీటర్లలో ఎంచుకోవచ్చు.

అదుగో, పెద్దాయన వేదిక దిగాడు, మన వరసకే వస్తున్నాడు. కాస్త కాళ్ళు పక్కకి తియ్యండి. ఆయన నడుముకున్న ఆ పెట్టె ఏ కంపెనీదో, స్విచ్చు ఎన్ని మీటర్ల దగ్గరుందో చూడాలి.