యంత్రానికి వంశం తెలుసు

కుర్రకారు కోసం రాసే మాయా సాహస నవలల మీద ఈ మధ్య అనవసరమైన విమర్శలు వస్తున్నాయి. వెయ్యేళ్లు మట్టిలో పడున్న యంత్రం ముట్టుకోగానే ఎలా పనిచేస్తుందని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లకు సాహిత్యం తెలియదు. అంతకన్నా ముఖ్యంగా, వంశం విలువ తెలియదు.

కథ అందరికీ తెలిసిందే. పదహారేళ్ల పిల్ల. అమ్మానాన్నలు ఉండరు, ఉంటే ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా అడవికి వెళ్లనివ్వరు. పెంచిన మామయ్య అసలు సంగతి చెప్పబోయి, సరిగ్గా ముఖ్యమైన మాట దగ్గర కన్నుమూస్తాడు. అరచేతిలో వింత పుట్టుమచ్చ. అడవిలో శిథిల నగరం, దాని అడుగున ఏనాడో అంతరించిన జాతి వదిలివెళ్లిన యంత్రం. దాని ముందు గడ్డాలు నెరిసిన పండితులు ఏళ్ల తరబడి తలలు పట్టుకుని కూర్చుని ఉంటారు. మన పిల్ల కాలు జారి దాని మీద పడుతుంది. నీలం వెలుగు. నేల అదురుతుంది. వచ్చావా తల్లీ అన్నట్టు యంత్రం కళ్లు తెరుస్తుంది.

మా ఇంట్లో చాన్నాళ్లు అటక మీదున్న గ్రైండర్‌ని సంక్రాంతికి దించితే, ఒక్కసారి గుంయ్‌మని మూలిగి ఊరుకుంది. కెపాసిటర్ పోయిందన్నాడు మెకానిక్. నవలల్లో నాగరికత మొత్తం పోయినా కెపాసిటర్ పోదు. దీన్నిబట్టి మా వంశంలో రాజరక్తం లేదని తేలిపోయింది. మా ఆవిడ చేత కూడా స్విచ్ వేయించి చూశాం. వాళ్లదీ అంతే.

పాత జానపదాలకు ఈ సౌకర్యం లేదు పాపం. అప్పటి మాంత్రికుడికి ఎంత చాకిరీ! అమావాస్య చూసుకోవాలి, శ్మశానంలో ముగ్గు వేసుకోవాలి, నిమ్మకాయలు, సాంబ్రాణి, కపాలం అన్నీ సమకూర్చుకోవాలి. ఆపైన అన్ని లక్షణాలూ కుదిరిన సాహసవంతుణ్ని వెతుక్కుంటూ దేశాలు పట్టి తిరగాలి. ఇంత ప్లానింగ్ చేసినవాడు చివరికి తన కత్తికి తానే బలయ్యేవాడు. నిజం చెప్పాలంటే ఆ కథల్లో ఒళ్లు వంచి పనిచేసింది విలన్ ఒక్కడే. ఇప్పటి రచయితలు ఆ పని భారం కూడా తీసేశారు.

నవలాకారులు కనీసం ఇది కల్పన అని ఒప్పుకుంటారు. మన పెద్దలకు ఆ మొహమాటం లేదు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి వైస్ ఛాన్సలర్ వేదికెక్కి రావణుడి దగ్గర 24 రకాల విమానాలు ఉండేవని, లంకలో విమానాశ్రయాలు కూడా ఉండేవని సెలవిచ్చారు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే సామెతకు ఇంతవరకూ రన్‌వే ఒక్కటే తక్కువైంది. ఇలాంటి ఉత్సాహం మీద నీళ్లు చల్లడానికి బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఎప్పుడూ సిద్ధమే. అక్కడి ఇంజినీర్లు 1974లోనే, ప్రాచీన విమాన విద్య అని చెప్పుకునే వైమానిక శాస్త్రం అనే గ్రంథాన్ని ముందేసుకుని, అది 20వ శతాబ్దం మొదట్లో రాసినదని, అందులోని విమానాలు ఎగరవని తేల్చేశారు. లెక్కలు వేసి మరీ తేల్చారు. ఎంత అమర్యాద.

సరే, నిజంగా పోయిన విద్యలు లేవా అంటే ఉన్నాయి. చిక్కేమిటంటే, అవి కథకు పనికిరావు. 1901లో గ్రీసు దేశంలో ఆంటికిథెరా దీవి దగ్గర, మునిగిన ఓడలోంచి తుప్పు పట్టిన కంచు ముద్ద ఒకటి పైకొచ్చింది. రెండు వేల ఏళ్ల నాటిది. లోపల పళ్ల చక్రాలు, ఇప్పటికి మిగిలినవి 30. గ్రహణాలు ఎప్పుడొస్తాయో చెప్పే యంత్రం అది. మంత్రం ఏమీ లేదు, చేత్తో తిప్పాలి. పైగా దేన్నెలా చూడాలో దాని మీదే చెక్కి పెట్టారు. మాన్యువల్ రాసిపెట్టిన నాగరికత గురించి ఎవడు నవల రాస్తాడు?

అంతకన్నా ఇబ్బందికరమైన కేసు మన ఇంట్లోనే ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. ఒకప్పుడు పర్షియా వర్తకులు ఉక్కు కోసం అంత దూరం నుంచి ఈ ఊరికి వచ్చేవాళ్లు. డమాస్కస్ కత్తులని లోకం చెప్పుకున్న, నీటి అలల్లాంటి గీతలు తేలే కత్తులకు కావలసింది ఈ రకం ఉక్కే. 1820ల నాటి ఈస్టిండియా కంపెనీ సర్వే ఉద్యోగి హెన్రీ వాయ్‌సీ ఇక్కడి పని కళ్లారా చూసి రాసిపెట్టాడు. రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును మట్టి మూసలో వేసి, నోరు మూసి, కొలిమిలో పెట్టి, గంటల తరబడి తిత్తులు ఊదుతూనే ఉండాలి. తరవాత తొందరపడకుండా చల్లారనివ్వాలి. చివరికి మూస పగలగొడితే అడుగున అరచేతిలో పట్టే ఉక్కు ముద్ద. పద్ధతి అంతా కళ్లముందే చూసిన పర్షియావాళ్లు తమ దేశంలో చేయబోతే కుదరలేదట. లండన్‌లో మైకేల్ ఫారడే అంతటి శాస్త్రవేత్త 1819లో ఈ ఉక్కును పరీక్షించి, ఆ గుణం ఎందుకొచ్చిందో పట్టుకోలేకపోయాడు. 2006లో జర్మనీ శాస్త్రవేత్తలు ఒక పాత డమాస్కస్ కత్తిలో కార్బన్ నానోట్యూబులు, అంటే కంటికి ఆననంత సన్నటి కార్బన్ గొట్టాలు, కనిపించాయన్నారు. ఇంతకు మించిన మాయ ఏ నవలలో ఉంది?

అయినా మనకు పనికిరాదు. ఎందుకంటే ఇది ఏ శాపం వల్లా పోలేదు. ఏ ఉల్కా పడలేదు. ఇంగ్లండ్ నుంచి చవక ఉక్కు దిగింది, కొలిమికి బొగ్గు గగనమైంది, కత్తులు కొనే రాజుల కొలువులు మూతబడ్డాయి. గిట్టుబాటు కాక కమ్మరులు మానేశారు. మహా విద్య ఒకటి గిట్టుబాటు కాక పోయిందంటే పదహారేళ్ల పాఠకుడి మనసు ఎంత నొచ్చుకుంటుంది!

తిరిగి దొరికిన తీరు మరీ అన్యాయం. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ పెండ్రే అనే కమ్మరి, జాన్ వెర్‌హోవెన్ అనే ప్రొఫెసర్ కలిసి ఏళ్ల తరబడి ముద్దలు కరిగించి, కత్తులు సాగదీసి, ఖనిజంలో లేశమాత్రంగా ఉండే వెనేడియం లాంటి లోహాల వల్లే ఆ గీతలు వస్తాయని 1998లో రాశారు. పెండ్రే ఉండేది ఫ్లోరిడాలో. అరచేతిలో పుట్టుమచ్చ ఉందో లేదో ఎవరూ నమోదు చేయలేదు.

కనక కోనసముద్రం మీద సాహస నవల రాయబోయే యువ రచయితలకు, ప్రచురణకర్తల తరఫున నావి కొన్ని సూచనలు. వాయ్‌సీకి తెల్ల గడ్డం, వంకర కర్ర ఇచ్చి మాంత్రికుణ్ని చేయండి. వెనేడియం పేరు మార్చి నాగమణి చూర్ణం అనండి. నాయిక కమ్మరి ఇంట్లో పెరిగితే పెరగనివ్వండి గానీ, మూడో అధ్యాయం దాటేలోగా రాజుగారి మనవరాలని తేల్చేయండి. తిత్తులు ఊదే పని ఒక్క పేరాలో కానిచ్చేయండి. వీలైతే ఆ పేరాలో కూడా కొలిమి ఆమె చూపు పడగానే రాజుకోవాలి. ఊదేవాళ్లను పూర్తిగా తీసేయక్కర్లేదు. కవర్ పేజీ మీద వెనక వరసలో మసగ్గా నిలబెట్టవచ్చు, చిత్రకారుడు వాళ్లకు విడిగా డబ్బు అడగకపోతే.