మావాడి కొవ్వు లెక్క

మా మేనల్లుడికి 23 ఏళ్ళు. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 67 కిలోలు. ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ వేసి చూస్తే 22.5 వచ్చింది. మన ఆసియావాళ్ళకు 23 దాటితేనే బరువు ఎక్కువ కింద లెక్క కాబట్టి, పాసైనట్టే. కానీ జిమ్‌లో ఎవరో పుణ్యాత్ముడు, "బీఎంఐకి కండకూ కొవ్వుకూ తేడా తెలీదు బ్రో" అన్నాడు. మాట నిజమే, కాకపోతే దాని ఫలితం అనుభవించింది మేము. ఉద్యోగం వెతుక్కోడానికని హైదరాబాద్ వచ్చి మా ఇంట్లో ఉంటున్న కుర్రాడు, ఉద్యోగం వదిలేసి కొవ్వు శాతం వెతకడం మొదలుపెట్టాడు.

ముందుగా ఆన్‌లైన్‌లో గాజు పలక లాంటి బరువు మిషన్ తెప్పించాడు. చెప్పులు లేకుండా ఎక్కితే ఒక పాదం నుంచి ఇంకో పాదానికి మనకు తెలియనంత చిన్న కరెంటు పంపిస్తుంది. కండలో నీళ్ళుంటాయి కాబట్టి కరెంటు సాఫీగా పోతుంది, కొవ్వు అడ్డం పడుతుంది. ఆ అడ్డును బట్టి, మనం ఫోన్‌లో కొట్టిన వయసూ ఎత్తూ కలిపి, ఒక అంచనా చెబుతుంది. ఒంట్లో నీళ్ళు తగ్గినా అడ్డు పెరుగుతుంది, అదీ కొవ్వు ఖాతాలోనే పడుతుంది. తమాషా ఏమిటంటే కరెంటు ఈ కాలెక్కి ఆ కాలు దిగిపోతుంది. వీడి బెంగంతా పొట్ట గురించి, మిషన్ పొట్ట జోలికి పెద్దగా పోనే పోదు.

19 శాతం అంది. మా అమ్మ ఊరుకుంటుందా? "నాకూ చూడరా నాన్నా" అంటూ ఎక్కేసింది. పాదాల పగుళ్ళకు రాసుకున్న ఆముదం పుణ్యమా అని మిషన్ గీతలు చూపించి నోరు మూసుకుంది. కాళ్ళు కడిగించి మళ్ళీ ఎక్కించాం. ఈసారి మావాడి ఫోన్ టింగుమంది. ఆ యాప్‌లో ఉన్నది వాడి వివరాలే కదా, అది మా అమ్మను 23 ఏళ్ళ కుర్రాడనుకుని, "ఒక్కరోజులో 21 కిలోలు తగ్గారు, అభినందనలు! కొవ్వు 5 శాతం" అంది. "కొవ్వెక్కువైతే ఊళ్ళోవాళ్ళే చెబుతారు, దానికి మిషనెందుకురా" అంటూ ఆవిడ పూజగదిలోకి వెళ్ళిపోయింది.

తర్వాత టేపు. ఇది 1984లో అమెరికా నౌకాదళం కోసం కట్టిన సూత్రం. మగవాళ్ళకైతే బొడ్డు దగ్గర నడుము, మెడ, ఎత్తు చాలు. మా ఆవిడ బ్లౌజులు కుట్టే టేపు తెచ్చింది. దాని చివరి రేకు ఊడి మొదటి అంగుళం ఎప్పుడో పోయింది. నడుము 36 అని చదివేసరికి మావాడి మొహం వాడిపోయింది. "అంగుళం తీసెయ్ రా, 35" అంది వాళ్ళత్తయ్య. మెడకూ అంతే, 16 చూపిస్తే 15. అసలు ఆ తీసివేతలు కూడా దండగే. సూత్రంలో నడుములోంచి మెడను తీసేస్తాం కాబట్టి ఆ పోయిన అంగుళం ఇక్కడా అక్కడా కొట్టేసుకుపోతుంది. లెక్క 20 శాతం తేలింది. మావాడు "ఇంకోసారి అత్తయ్యా" అని ఊపిరి బిగబట్టి పొట్ట రెండంగుళాలు లోపలికి లాగాడు. 16! అంగుళానికి రెండు శాతం చొప్పున కొవ్వు కరిగించే వ్యాయామం ఇంకోటి ఉంటుందనుకోను. మా ఆవిడ మాత్రం 20 అనే రాయించింది.

మూడోది జిమ్ ట్రైనర్ పటకారు. ఛాతీ, బొడ్డు పక్కన, తొడ ముందు భాగం, ఈ మూడుచోట్ల చర్మాన్ని మడతపెట్టి పట్టుకుని మందం ఎన్ని మిల్లీమీటర్లో కొలుస్తారు. 1978లో జాక్సన్, పొలాక్ మగవాళ్ళ కోసం ఇచ్చిన పద్ధతి. చేయి తిరిగినవాడు పడితే మంచి పద్ధతే. మావాడికి చిన్నప్పట్నుంచీ గిలిగింతలెక్కువ. పటకారు పొట్టను తాకగానే మెలికలు తిరిగిపోయాడు. ట్రైనర్ దొరికినంత మడతే పట్టి, లెక్కేసి కొవ్వు 14 శాతం అన్నాడు. "ఏడాది ఫీజు ఒకేసారి కట్టిన కస్టమర్ కదా, మెత్తగా గిల్లుంటాడు" అని మా ఆవిడ అనుమానం.

చివరికి డెక్సా స్కాన్. రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలు పంపి ఎముక, కొవ్వు, మిగతా ఒళ్ళు వేరువేరుగా తేలుస్తుంది. వీటన్నిట్లో నమ్మాల్సి వస్తే నేను దీన్నే నమ్ముతాను. అదీ అంచనానే అనుకోండి. కొవ్వును నేరుగా విడదీసి తూచాలంటే మనిషి బతికుండకూడదు. బల్లమీద పడుకున్న మావాడు టెక్నీషియన్‌ని మెల్లిగా అడిగాడు, "మేడమ్, పొట్ట లోపలికి లాగితే తగ్గుతుందా?" "కదలకండి" అందావిడ. రిపోర్టులో 23.

వాణ్ణి ఓదార్చడానికి నేను పుణే డాక్టర్ యాజ్ఞిక్ కథ చెప్పాను. ఆయనకూ లండన్ మిత్రుడు యుడ్కిన్‌కూ బీఎంఐ సరిగ్గా 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మనాయనకు 21.2. 2004లో ఇద్దరూ పక్కపక్కన ఫొటో దిగి 'లాన్సెట్' వైద్య పత్రికలో వేయించుకున్నారు. చూడ్డానికి బక్కగా ఉండి లోపల కొవ్వు దాచుకోవడం మనవాళ్ళ ఒంటి తీరు. మావాడు బుద్ధిగా విని, "అయితే అన్నిటికీ యావరేజ్ తీస్తా మావయ్యా" అంటూ ల్యాప్‌టాప్ తెరిచాడు.

పది నిమిషాల్లో గంతులేసుకుంటూ వచ్చాడు. "పదహారు పాయింట్ రెండు!" అనుమానమొచ్చి ఎక్సెల్ చూశాను. 19, 20, 14, 23. వాటి కింద యాప్ దానంతటదే ఎక్కించిన మా అమ్మ 5.

"ఉండనీ మావయ్యా, అమ్మమ్మ ఆశీర్వాదం" అన్నాడు.