బారోనెట్ గారి గుంటూరు కౌలు

1780లో హైదరాలీ కర్ణాటకం (ఆర్కాటు నవాబు రాజ్యం) మీద విరుచుకుపడ్డాడని, పొల్లిలూరు దగ్గర కర్నల్ బెయిలీ సేనను తుడిచిపెట్టాడని మన పుస్తకాలు ఉత్సాహంగా చెబుతాయి. ఆ యుద్ధాన్ని రాజేసిన కారణాల్లో మన గుంటూరు బేరం ఒకటని చెప్పేవారు మాత్రం అరుదు. నాకు కోపం అక్కడే.

బేరం చేసినవాడు సర్ థామస్ రంబోల్డ్. కుర్రతనంలో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా వచ్చి, ప్లాసీలో క్లైవు పక్కన నిలిచి, పట్నాలో పెత్తనం చేసి, 1778 ఫిబ్రవరిలో మద్రాసు గవర్నరయ్యాడు. మరుసటి ఏడు బారోనెట్ కూడా అయ్యాడు. తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించే ఈ ‘సర్’ బిరుదును 1611లో మొదటి జేమ్స్ రాజు 1,095 పౌండ్లకు అమ్మకానికి పెట్టాడు. రంబోల్డ్‌కు అది పుదుచ్చేరి చేజిక్కినందుకు దక్కింది. కోటను ముట్టడించింది హెక్టర్ మన్రో సైన్యం!

నిజాంతో కంపెనీ చేసుకున్న 1768 ఒప్పందం ప్రకారం గుంటూరు సర్కారు (అప్పట్లో జిల్లా లాంటి పాలనా ప్రాంతం) నిజాం తమ్ముడు, ఆదోని ఏలిక బసాలత్ జంగ్‌కు బతికినంతకాలం చెందాలి, ఆ తర్వాతే కంపెనీకి. అతని కొలువులో ఫ్రెంచి దళం ఉండేది. ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తుండగా దాన్ని తొలగించాలనుకోవడం వరకు నేనూ ఒప్పుకుంటాను. కానీ రంబోల్డ్ నిజాంను పక్కనపెట్టి, నేరుగా తమ్ముడితో మాట్లాడుకుని 1779లో గుంటూరును కౌలుకు తీసుకున్నాడు. తీసుకుని ఏం చేశాడు? అప్పుల్లో మునిగిన ఆర్కాటు నవాబు మహమ్మదాలీకి పదేళ్ల కౌలుకు ఇచ్చేశాడు. మహమ్మదాలీ అంటే నిజాంకు ఒళ్లుమంట. అది చాలదన్నట్టు, ఉత్తర సర్కారుల కోసం కంపెనీ నిజాంకు కట్టాల్సిన పేష్కష్‌ను, అంటే కప్పాన్ని, మాఫీ చేయమని అడగడానికి హైదరాబాదుకు రాయబారిని పంపారు. హైదరాలీ అనుమతి లేకుండా అతని కడప నేల మీదుగా కర్నల్ హార్పర్ దళాన్ని నడిపించారు. చివరికి నిజాం, మరాఠాలు, హైదరాలీ ఒక్కటయ్యారు. గుంటూరు రైతును అడిగిన నాథుడు ఎవరు?

నన్ను మరీ బాధపెట్టేది జమీందార్ల సంగతి. సర్కారుల్లో తిరిగి శిస్తు స్థితిగతులు విచారించాల్సిన సర్క్యూట్ కమిటీని రద్దుచేసి, జమీందార్లనే మద్రాసుకు రమ్మన్నాడు. విజయనగరం నుంచి దాదాపు 500 మైళ్లు! పరివారంతో ప్రయాణం, పరాయి ఊళ్లో బస, కొత్త అప్పులు. ఆ ఖర్చంతా ఎవరి చేలోంచి రావాలి? విజయనగరం జమీందారు విజయరామరాజు వద్దని మొత్తుకున్నా అన్న సీతారామరాజునే మళ్లీ దివానుగా ఆయన నెత్తిన పెట్టారు.

1780 ఏప్రిల్‌లో రంబోల్డ్ ఓడెక్కాడు. జూలైలో హైదరాలీ కనుమలు దిగాడు. కంపెనీ డైరెక్టర్లు 1781లో రంబోల్డ్‌ను పదవి నుంచి తొలగించారు, ఎంపీ డండాస్ బ్రిటిష్ పార్లమెంటులో ఆయన మీద శిక్షా బిల్లు తెచ్చాడు, 1783లో అది అటకెక్కింది. బిరుదు చెక్కుచెదరలేదు. కొడుకు జార్జి దాన్ని అందుకుని హాంబర్గులో బ్రిటిష్ రాయబారి అయ్యాడు.

1794 జూలై 10న పద్మనాభంలో కంపెనీ సేన చేతిలో విజయరామరాజు నేలకొరిగిన రోజు మద్రాసు గవర్నరు కుర్చీలో ఉన్నది ఇంకో బారోనెట్, సర్ చార్లెస్ ఓక్లీ. పద్మనాభం యుద్ధం గురించి పిల్లలకు చెప్పే ఉపాధ్యాయులారా, ఈ ఇద్దరు బారోనెట్ల పేర్లూ చెప్పండి.