పదమూడో రొట్టె కోసం ఎవరి చెయ్యీ నరకలేదు

ఇంగ్లీషు జాతీయాల 'అసలు కథలు' అంటూ ఒక సందేశం ఏళ్ల తరబడి ఫోన్లలో చక్కర్లు కొడుతోంది. డబ్బుకూ లెక్కకూ సంబంధించిన నాలుగు మాటల గురించి అందులో ఉన్నవి చాలావరకు కాకమ్మ కథలే.

విపరీతమైన ఖరీదును 'యాన్ ఆర్మ్ అండ్ ఎ లెగ్' అంటారు. చిత్రకారులు బొమ్మలో చేతులూ కాళ్లూ లెక్కగట్టి డబ్బు పుచ్చుకునేవారని, అందుకే జార్జి వాషింగ్టన్ చెయ్యి దాచుకున్నాడని కథ. నిలువెత్తు చిత్రానికి ఎక్కువ తీసుకున్న మాట నిజమే, కానీ అది పటం కొలతను బట్టి. వాషింగ్టన్ 1799లో పోయాడు. ఈ మాట అచ్చులో కనిపించేది 20వ శతాబ్దం నడుమ. అంతకాలం ఎక్కడ దాక్కున్నట్టు?

'బేకర్స్ డజన్' అంటే పదమూడు. తూకం తగ్గితే చెయ్యి నరికేవారు కాబట్టి రొట్టెలవాళ్లు భయపడి ఒకటి కలిపేవారట. 13వ శతాబ్దపు ఇంగ్లండులో, మూడో హెన్రీ కాలంలో రొట్టెల మీద శాసనం ఉన్నమాట వాస్తవం. అందులో ఉన్న శిక్ష జరిమానా, మరీ మితిమీరితే మెడా చేతులూ కొయ్యలో బిగించి బజారులో నిలబెట్టడం. అసలు విశేషం వేరే ఉంది: రొట్టె ధర మారదు, గోధుమల రేటు పెరిగితే బరువు తగ్గుతుంది. మన ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు లాగే. కాకపోతే ఎంత తగ్గించాలో అక్కడ శాసనమే చెప్పేది. ధర కట్టుదిట్టమైనప్పుడు, కొని తిరిగి అమ్ముకునే మారుబేరగాడికి మిగిలేదేమిటి? ఆ పదమూడో రొట్టే. భయం పాలు కొంత ఉంటే ఉండవచ్చు గానీ, బేరం పాలు మరిచిపోకూడదు.

'పే త్రూ ది నోస్' అంటే అడ్డగోలు ధర చెల్లించడం. ఈ మాటకు, పన్ను కట్టని ఐరిష్ వాళ్ల ముక్కులు డేన్లు (డెన్మార్క్ నుంచి దండెత్తి వచ్చినవాళ్లు) చీల్చారని 9వ శతాబ్దపు కథ అంటగట్టారు. మాట దొరికేది 17వ శతాబ్దంలో. మనం ముక్కుపిండి వసూలు చేయడానికి ఏ డేన్లూ రాలేదు కదా!

ఇక అందరూ నమ్మేసే 'ది హోల్ నైన్ యార్డ్స్'. మొత్తానికి మొత్తం అని అర్థం. రెండో ప్రపంచ యుద్ధ విమానాల్లో తూటాల పట్టీ 27 అడుగులు, అంటే తొమ్మిది గజాలు, అందుకే పుట్టిందంటారు. కానీ 1907లోనే ఇండియానా పత్రికలో 'ఫుల్ నైన్ యార్డ్స్' ఉంది. 1912లో కెంటకీ పత్రికలో అదే అర్థంతో ఆరు గజాలే ఉన్నాయి. రైట్ సోదరులు మొదటిసారి ఎగిరిన నాలుగేళ్లకే అచ్చయిన మాటకు యుద్ధ విమానాన్ని ముడిపెట్టడం బోడిగుండుకూ మోకాలికీ ముడే.